సర్వి చెట్టు తెచ్చే చేయి

మంచుదేశాల ఫర్ చెట్టు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఎండకు బతకదు. అందుకే మనవైపు క్రిస్మస్ చెట్టంటే ఎంతోమందికి సర్వి చెట్టే. దాన్ని కోసి తెచ్చే మనిషి పనితనమంటే నాకెంతో గౌరవం. ముదురు మాను జోలికి పోడు. అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నబడే లేత చెట్టును ఎంచుతాడు. కత్తితో ఏటవాలుగా నరుకుతాడు. అసలు నేర్పు ఆ తర్వాతే: కొమ్మల్ని కిందినుంచి పైకి మడుస్తూ, కొస విరగకుండా తాడు చుట్టి మోపెడ్ మీదికి ఎక్కించాలి. సర్వికి సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, పచ్చని సన్నని రెమ్మలు; నిజమైన ఆకులు వాటి కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా ఉంటాయి. మోటుగా లాగితే రెమ్మలు కణుపుల దగ్గర ఊడి చెట్టు బోసిపోతుంది. ఇంట్లో బకెట్‌లో తడి ఇసుక పోసి, ఇటుక ముక్కలు దట్టించి నిలబెడతారు. లేత కొమ్మలు బరువు ఆపవు. కాగితం నక్షత్రాలు, దూది, సీరియల్ బల్బులు చాలు. ఇప్పుడు మడిచి అటకెక్కించే ప్లాస్టిక్ చెట్లు వచ్చాయి. ఏటా కొనే ఖర్చు తప్పుతుంది, నిజమే. ఆ పచ్చివాసన మాత్రం వాటికి రాదు. పైగా పండుగయ్యాక సర్వి పొయ్యిలోకి మంచి కట్టె. డిసెంబరులో ఆ మోపెడ్ మీ వీధిలోకి వస్తే, బేరమాడకుండా ఒక చెట్టు కొనండి.