వెన్నలాంటి మనసు, బండలాంటి చెయ్యి

"పాపం, వాడి మనసు వెన్న. కోపమూ లేదు, కక్షా లేదు. చెయ్యే కాస్త మొరటు" - ఈ మాట వినబడని ఇల్లు ఉంటుందంటారా? నా మట్టుకు నాకు నమ్మకం లేదు. కథల్లో కూడా ఇలాంటివాళ్లంటే మనకు మహా ముద్దు. కొండను పిండి చేసే బలం, పసిపిల్లవాడి మనసు. వాళ్లు ఏం పగలగొట్టినా నవ్వుకుంటాం, లేకపోతే వాళ్ల కోసమే కన్నీళ్లు పెట్టుకుంటాం. పగిలినదాని సంగతి ఎవరికీ పట్టదు.

మన భీముణ్ణే తీసుకోండి. పుట్టిన కొద్దిరోజులకే తల్లి ఒడిలోంచి జారి రాతిమీద పడ్డాడు. పులిని చూసిన భయంలో కుంతి ఒళ్లో బిడ్డ ఉన్నాడన్న సంగతే మరచి లేచింది. తీరా చూస్తే బిడ్డకు దెబ్బ తగలలేదు, రాయే ముక్కలైంది. నల్లగొండ, పాలమూరు గుట్టల మధ్య పెరిగినవాళ్లకు బండ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కుంతి గుండె కుదుటపడే ఉంటుంది. అంతవరకూ ముచ్చటే.

ఆ బిడ్డ హస్తినకు వచ్చి అన్నదమ్ములతో ఆటల్లో పడ్డాక ముచ్చట తగ్గుతుంది. కౌరవ పిల్లల్ని జుట్టు పట్టి ఈడుస్తాడు. పదిమందిని ఒక్కసారే చేతుల్లో ఇరికించుకుని నీళ్లలో ముంచి, ప్రాణం పోయేంత పని అయ్యాక గానీ వదలడు. వాళ్లు పండ్ల కోసం చెట్టెక్కితే మొదలు పట్టుకుని ఊపుతాడు. పండ్లతో పాటు పిల్లలూ రాలతారు. ఇదంతా పసితనంతో చేశాడే గానీ ద్రోహబుద్ధితో కాదని వ్యాసుడే సాక్ష్యం చెబుతాడు. నిజమే, ఒప్పుకుందాం. కానీ నీళ్లలో ఊపిరాడక కొట్టుకున్నవాడికి ముంచినవాడి మనసు వెన్న అని తెలిసేదెలా? దుర్యోధనుడి పగ మొలకెత్తింది అక్కడే. ఆ తరువాత అన్నంలో విషం కలిపాడు. విషం పెట్టడం ఘోరమే, కాదనను. కానీ అంతకు ముందు భీముణ్ణి దగ్గరకు పిలిచి, "నాయనా, నీ ఆట వాళ్లకు ఆట కాదురా" అన్న పెద్ద ఒక్కరు కూడా వ్యాసుడి ఆ ఘట్టంలో నాకు కనబడలేదు. ఇంటినిండా పెద్దలే మరి!

ఇలాంటి పిల్లవాణ్ణి పెద్దలు పట్టించుకుంటే ఏమవుతుందో రామకథలో ఉంది. ఆ కథకు మన పాలమూరుతో చుట్టరికం కూడా ఉంది. తెలుగులో రామకథను ద్విపదలో రంగనాథ రామాయణంగా చెప్పినవాడు గోన బుద్ధారెడ్డి అని ఎక్కువమంది పండితుల మాట. ఆయన ఏలిన వర్ధమానపురం ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా నందివడ్డెమాన్. యుద్ధకాండ వరకు ఆయన చెబితే ఉత్తరకాండను ఆయన కొడుకులు చెప్పారు. హనుమంతుడి చిన్ననాటి ముచ్చటను వాల్మీకి ఆ ఉత్తరకాండలో కూడా చెప్పాడు.

సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన పసివాడి కథ మనందరికీ తెలుసు. దాని తరువాతి ముక్కే మనం అంతగా పట్టించుకోం. దేవతల వరాలతో బలం పెరిగిన ఆ పిల్లవాడు మునుల ఆశ్రమాల్లో పడి యజ్ఞపాత్రలు విరిచాడు, నారబట్టలు చింపాడు. కేసరి వద్దన్నాడు, వాయుదేవుడు వద్దన్నాడు, వినలేదు. చివరకు మునులు శపించారు. ఆ కోపం కూడా మరీ పెద్ద కోపం కాదు. నీ బలం నీకు చాలాకాలం గుర్తుండదు, ఎవరైనా గుర్తు చేసినప్పుడే పెరుగుతుంది - అంతే ఆ శాపం. ఆ తరువాత అవే ఆశ్రమాల్లో మెత్తగా, మృదువుగా తిరిగాడట! నాకు కథలో ముఖ్యమైన మాట ఇదే. పుట్టుకతో వచ్చింది బలం. మెత్తదనం తరువాత వచ్చింది, అదీ పెద్దలు అడ్డుపడితే వచ్చింది. సముద్రతీరాన జాంబవంతుడు గుర్తుచేసేనాటికి ఆ బలం ఆటకు కాదు, ఒక ఆడమనిషి కష్టం తీర్చడానికి లేచింది.

అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1937లో అచ్చువేసిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ అనే చిన్న నవల కూడా ఇలాంటి మనిషిదే. జార్జి, లెన్నీ అనే ఇద్దరు కూలీలు పొట్ట చేతబట్టుకుని ఊరూరూ తిరుగుతుంటారు. ఎప్పటికైనా తమదంటూ కాస్త నేల, ఒక ఇల్లు, కుందేళ్లు - ఇదీ వాళ్ల కల. ఎక్కడెక్కడి ఆనకట్టలకో కాలువలకో వలస వెళ్లి రాళ్లు మోసిన పాలమూరు కూలీల ఊళ్లవాళ్లకు ఈ కల కొత్తగా ఉండదు.

లెన్నీది ఏనుగంత ఒళ్లు, ఎదగని బుద్ధి. మెత్తటివంటే ప్రాణం. ఎలుకపిల్లను నిమురుతాడు, చచ్చిపోతుంది. కుక్కపిల్లతో ఆడుకుంటాడు, అదీ చచ్చిపోతుంది. చివరకు యజమాని కోడలు తన జుట్టు మెత్తగా ఉంటుంది, తాకి చూడమంటుంది. అతను గట్టిగా పట్టుకోగానే భయపడి కేకలేస్తుంది. ఆ కేకలకు అతనూ భయపడతాడు. ఆమె మెడ విరుగుతుంది. జనం చేతికి చిక్కకుండా జార్జే అతణ్ణి కాల్చేస్తాడు. పుస్తకం మూసేసరికి మన కన్నీళ్లన్నీ లెన్నీకే, జార్జికే.

కానీ ఒక్క సంగతి చూడండి. పుస్తకమంతా వెదికినా ఆ అమ్మాయికి పేరు లేదు. ‘కర్లీ భార్య’, అంతే. ఆమెకూ ఒక ఒంటరితనం ఉంది, సినిమాల్లో చేరాలన్న కల ఉంది. ఇది రచయిత లోపమా, లేక ఆ మగవాళ్ల లోకం ఆమెను చూసిన తీరును అలా చూపించాడా అన్నది చర్చించుకోవచ్చు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. అయినా, చంపిన చేతికి పేరుండి, చచ్చిన మనిషికి పేరు లేకపోవడం ఆడవాళ్లం చదివి ఊరుకోగల సంగతి కాదు.

లెన్నీని నేను తప్పుపట్టను. అతనికి నేర్చుకునే శక్తి లేదు. కనిపెట్టి ఉండవలసినవాళ్లు చుట్టూ ఉన్నవాళ్లు. చిక్కల్లా ఎక్కడంటే, మన ఇళ్లలో "మనసు మంచిదే, చెయ్యే మొరటు" అనిపించుకునేవాళ్లలో చాలామంది లెన్నీలు కారు. ఆఫీసులో పై అధికారి ముందు ఆ చెయ్యి ఎంతో ఒద్దికగా ఉంటుంది. ఇంటికొచ్చాకే దానికి అమాయకత్వం గుర్తొస్తుంది! లెన్నీకి చెల్లే జాలిని వీళ్లు అరువు తెచ్చుకుంటున్నారు, మనం ఇస్తున్నాం.

నేర్చుకోగలడనడానికి మళ్లీ భీముడే సాక్షి. తిక్కన విరాటపర్వంలో కీచకుడు ద్రౌపదిని కొలువులో తన్నినప్పుడు, వంటవాడి వేషంలో ఉన్న భీముడు ఎదుట ఉన్న పెద్ద చెట్టువైపు చూస్తాడు. అన్నగారు మాటలతోనే సైగ చేస్తే ఆగిపోతాడు. చిన్నప్పుడు చెట్టునూపి పిల్లల్ని రాల్చినవాడే! ఆ రాత్రి ద్రౌపది వచ్చి లేపితేనే ఆ బలం లేచింది.

కాబట్టి మొరటు చెయ్యి మనవాడిదైనా సరే, "వాడి ఉద్దేశం ఏమిటి?" అని అడిగే ముందు "దెబ్బ ఎవరికి తగిలింది? ఆమె ఏమంటోంది?" అని అడుగుదాం. పసివాడైతే చెట్టు ఊపే వయసులోనే పక్కన కూర్చోబెట్టి చెబుదాం.