చెరలో జమాఖర్చు

రామదాసు కీర్తనలనగానే మనకి చిడతలు, భజన మందిరం గుర్తొస్తాయి. నాకు మాత్రం గోలకొండ కోట చెరసాలే ముందు కనిపిస్తుంది. తానీషా ఏలుబడిలో తహశీల్దారు కంచర్ల గోపన్న, వసూలైన శిస్తు భద్రాద్రి గుడికి ఖర్చుపెట్టి, పన్నెండేళ్లు అక్కడ మగ్గాడంటారు. ‘ఇక్ష్వాకు కులతిలక’ ఓసారి ఓపిగ్గా వినండి. భరతుడి నగకింత, లక్ష్మణుడి దానికింత, సీతమ్మ పతకానికింత అంటూ వరహాలూ, మొహరీలూ లెక్క అప్పజెబుతాడు. అచ్చం రెవెన్యూ ఉద్యోగి సంజాయిషీ! ఆ లెక్క దేవుడికి పట్టలేదని కోపమొచ్చి తిడతాడు. తిట్టి, ఒంటిమీద పడ్డ దెబ్బలే ఆ మాట అనిపించాయని బతిమాలుకుంటాడు. భక్తికన్నా ఆ భయమే నన్ను కదిలిస్తుంది. మొన్నో కచేరీలో తిట్టు దగ్గర గాయకుడు నవ్వాడు, మేమూ నవ్వాం. దెబ్బల చరణం మాత్రం వదిలేసి, మంగళం ఎత్తుకున్నాడు.