సోలర్‌తో సోలేరియం మాట్లాడే తీరు

ఒక వార్తల సైట్‌లో పదేళ్ల వ్యాసాలు పోగుపడ్డాయనుకుందాం. పాఠకుడు సెర్చ్ బాక్స్‌లో ‘నాగార్జునసాగర్’ అని కొడతాడు. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ‘లైక్’ షరతుకు రెండు వైపులా శాతం గుర్తు పెట్టి వెతికిస్తే మామూలు ఇండెక్సు పనికిరాదు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా డేటాబేస్ ఒక్కో వ్యాసాన్నీ చదువుతూ పోవాలి. వంద వ్యాసాలకు ఇబ్బంది లేదు, లక్ష వ్యాసాలైతే పాఠకుడు ఎదురుచూడక తప్పదు. ఆలస్యం కన్నా పెద్ద లోటు ఇంకొకటుంది: దొరికినవాటిలో దేన్ని ముందు చూపాలో ఆ షరతుకు తెలియదు.

ఈ పనికోసమే పుట్టింది లూసీన్. డగ్ కటింగ్ 1999లో దాన్ని జావాలో రాశారు. పుస్తకం చివర ఉండే పదసూచికలా, ఏ పదం ఏయే వ్యాసాల్లో ఉందో అది ముందే రాసి పెట్టుకుంటుంది. 2004లో సీనెట్ నెట్‌వర్క్స్‌లో పనిచేస్తున్న యోనిక్ సీలీ లూసీన్ చుట్టూ ఒక సర్వర్ కట్టారు. అదే సోలర్. 2006లో ఆ కోడ్ అపాచీ ఫౌండేషన్ చేతికి వచ్చి అందరిదీ అయింది. సోలర్‌తో హెచ్‌టీటీపీ ద్వారా మాట్లాడవచ్చు కనుక జావా రానివాళ్లకూ అది అందుబాటులోకి వచ్చింది. రూబీ వాళ్లు ఆర్‌సోలర్, పైథాన్ వాళ్లు పైసోలర్, పీహెచ్‌పీ వాళ్లు సోలేరియం అనే లైబ్రరీలు రాసుకున్నారు. డ్రూపల్‌లో సోలర్ సెర్చ్ మాడ్యూల్ నేటికీ సోలేరియం మీదే నడుస్తోంది.

హెచ్‌టీటీపీయే కదా, చిరునామా మనమే కూర్చి పంపితే సరిపోదా? చాలామంది అలాగే మొదలుపెడతారు. మొదటి వారం అంతా బాగానే ఉంటుంది. ఒకరోజు ఎవరో ‘బాహుబలి: ది బిగినింగ్’ అని సినిమా పేరు ఉన్నదున్నట్టు కొడతారు. సోలర్ మామూలు ప్రశ్నభాషలో కోలన్‌కు ముందున్న మాట ఫీల్డ్ పేరు. ‘బాహుబలి’ అనే ఫీల్డ్ తన దగ్గర లేదని సర్వర్ 400 ఎర్రర్ తిప్పికొడుతుంది. పాఠకుడి తప్పు ఇందులో ఇసుమంతైనా లేదు. బ్రాకెట్లు, ప్లస్, మైనస్, కొటేషన్ గుర్తులు కూడా ఇలాగే సోలర్‌కు వేరే అర్థాలిస్తాయి. తెలిసి చొప్పించేవాడైతే ఎర్రర్‌తో ఆగడు, చూడకూడని పత్రాలనూ బయటికి లాగగలడు.

సోలేరియంలో దీనికి చక్కని ఏర్పాటు ఉంది. ప్రశ్న రాసేచోట శాతం గుర్తుల మధ్య ‘పీ1’ అని ఖాళీ వదిలి, పాఠకుడు కొట్టిన మాటను విడిగా అందించాలి. లైబ్రరీయే దాన్ని పదబంధంగా కొటేషన్లలో పెట్టి, లోపలి గుర్తులకున్న ప్రత్యేకార్థాన్ని తీసేస్తుంది. ఒంటరి పదానికి ‘టీ1’ వాడాలి. లైబ్రరీ విలువంతా ఇలాంటి జాగ్రత్తల్లోనే ఉంది. వందమంది ప్రోగ్రామర్లు వంద చోట్ల మరిచిపోయే పనిని అది ఒక్కచోట మరవకుండా చేస్తుంది.

అమర్చడం పెద్ద పని కాదు. కంపోజర్‌తో సోలేరియంను తెచ్చుకుని క్లయింట్‌కు మూడు ఇవ్వాలి: అభ్యర్థనలు మోసే అడాప్టర్ (ఎక్కువమంది కర్ల్ వాడతారు), ఈవెంట్ డిస్పాచర్, సర్వర్ వివరాలు. వివరాలంటే హోస్ట్, పోర్ట్ (సోలర్‌ది మామూలుగా 8983), పాత్, కోర్ పేరు. కొత్తవాళ్లు తట్టుకుని పడేది పాత్ దగ్గరే. పాత పాఠాల్లో అక్కడ ‘సోలర్’ అని రాసి ఉంటుంది. ఇప్పటి వెర్షన్లు ఆ మాటను తామే చేరుస్తాయి కాబట్టి అక్కడ ఒక్క స్లాష్ చాలు. పాత పద్ధతిలో రాస్తే చిరునామాలో ‘సోలర్’ రెండుసార్లు వచ్చి 404 ఎదురవుతుంది. అమర్చగానే పింగ్ ప్రశ్న ఒకటి పంపి జవాబు చూసుకున్నాకే మిగతా కోడ్ రాయడం మంచిది.

ఈ వివరాలను కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ సెట్టింగుల్లో ఉంచాలి. డెవలపర్ లాప్‌టాప్‌లో ఒక సోలర్, అసలు సైట్‌కు ఇంకొకటి ఉంటాయి. పరీక్ష కోసం రాసిన తొలగింపు ఆదేశం అసలు ఇండెక్సును తుడిచేయకూడదు. టైమ్‌అవుట్‌ను కూడా ఆలోచించి పెట్టాలి. సెర్చ్ సర్వర్ పడిపోయినప్పుడు సెర్చ్ పేజీ ఒక్కటే క్షమాపణ చెప్పాలి. సైట్ మొత్తం దానికోసం వేలాడకూడదు.

పత్రాలు పంపడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఒక్కో వ్యాసానికి ఒక్కో అభ్యర్థన, వెంటనే ఒక కమిట్ చొప్పున పంపితే సోలర్‌కు ఊపిరాడదు, ఎందుకంటే కమిట్ జరిగినప్పుడల్లా అది కొత్త సెర్చర్‌ను తెరవాలి. సోలేరియంలోని బఫర్డ్ యాడ్ ప్లగిన్ పత్రాలను గుంపుగా కూడబెట్టి పంపుతుంది. కమిట్ ఎప్పుడన్నది సోలర్‌లోని ఆటోకమిట్‌కు వదిలేయడం మేలు. కొత్త వార్త సెర్చ్‌లో పది సెకన్లు ఆలస్యంగా కనిపిస్తే ఏ పాఠకుడికీ నష్టం లేదు.

ఇంత చేసినా తెలుగు సైట్‌కు అసలు పని మిగిలే ఉంటుంది. ఒక కీబోర్డ్ ‘సాఫ్ట్‌వేర్’ అని మధ్యలో కంటికి కనిపించని నాన్‌జాయినర్ పెట్టి రాస్తుంది, మరొకటి ‘సాఫ్ట్వేర్’ అని వత్తుతో రాస్తుంది. చదివేవాడికి రెండూ ఒకటే. ఆ నాన్‌జాయినర్‌ను తీసేసే ఫిల్టర్ పెట్టకపోతే సోలర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పదాలు. ‘ప్రాజెక్టు’ అని వెతికితే ‘ప్రాజెక్టులో’, ‘ప్రాజెక్టుకు’ అని ఉన్న వ్యాసాలు రాకపోవడం ఇంకో చిక్కు. లూసీన్ 9వ తరంలో తెలుగుకు ప్రత్యేకంగా అనలైజర్ ఉంది. అది అక్షరాల తేడాలను సరిచేసి, పదాంతాలను కొంతమేర కత్తిరిస్తుంది. ప్రతి విభక్తినీ అది పట్టుకుంటుందని ఆశించకూడదు. అయినా ఇంగ్లిష్ కోసం చేసిన ఫీల్డ్ రకంలో తెలుగును కుక్కడం కన్నా ఎంతో నయం. స్కీమా మార్చాక పాత వ్యాసాలన్నిటినీ మళ్లీ ఇండెక్స్ చేయాలి, లేకపోతే కొత్త నియమం వాటికి వర్తించదు.

8983 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకూడదన్నది ఇంకో ముఖ్యమైన మాట. సోలర్ మామూలుగా పాస్‌వర్డ్ అడగదు. తొమ్మిదో వెర్షన్ నుంచి అది స్థానిక యంత్రానికే జవాబిచ్చేలా వస్తోంది. సౌకర్యం కోసం ఆ కట్టడిని తీసేవాళ్లు ముందు ఫైర్‌వాల్, లాగిన్ ఏర్పాటు చేసుకోవాలి.

తెలుగు సైట్లు నడిపేవారు ఈ వారమే తమ సెర్చ్ బాక్స్‌లో ఒక కోలన్ ఉన్న సినిమా పేరు, ఒక ‘సాఫ్ట్‌వేర్’, ఒక ‘ప్రాజెక్టులో’ కొట్టి చూడాలి. ఏది తప్పినా సరిదిద్దే సాధనం ఉచితంగానే దొరుకుతోంది.