ఐదడుగుల ఎత్తు

మా మేనల్లుడు అమెరికాలో సౌత్ డకోటా వెళ్లి అక్కడి బ్యాడ్‌లాండ్స్ ఫొటోలు పంపించాడు. వానా గాలీ కోసి కోసి వదిలేసిన మట్టికొండలు, పొరకో రంగు, ఒక అంచున ఒంటరి బైసన్. ఎంత వెతికినా కరెంటు స్తంభం కనపడదు. కింద ఒక ముక్క రాశాడు: “మావయ్యా, నువ్వు కొల్లేట్లో ఎన్నేళ్లు తీసినా ఏముంటుంది, అంతా పళ్లెమే కదా!”

వాడూ పెదవేగిలో పుట్టినవాడే, తెలియక అన్నమాట కాదు. అలాంటి కోతపడ్డ నేల కావాలంటే మనవాళ్లు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాలి. మా వైపు ఎత్తంటే పెదవేగి మెట్టే. శాలంకాయనులు రాజధానిగా ఏలిన వేంగి, ఇప్పుడు పామాయిల్ తోటల నీడలో ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ బండి తీస్తే, ఏలూరు దాటాక నేల ఎక్కడ దిగిందో తెలియకుండా దిగిపోయి, నీళ్లయిపోతుంది.

కానీ కొల్లేట్లో ఎత్తు లేదనడం తప్పు. ఉంది, దాన్ని ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టొచ్చు. ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదడుగులు పైన. ఆ గీత లోపలున్న 77,138 ఎకరాలు 1999లో అభయారణ్యం అయ్యాయి. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసింది ఆ గీత కోసమే. దాన్ని మూడో కాంటూరుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసిందీ ఆ గీత గురించే. డకోటాలో ఎత్తంటే చూడ్డానికి. ఇక్కడ రెండడుగుల తేడాలో ఊళ్లకు ఊళ్ల తిండి ఉంది, పిట్టల తిండీ ఉంది.

చదును నేల ఫొటోగ్రాఫర్ని బాగా ఏడిపిస్తుంది. ఎక్కి చూద్దామంటే చెరువు గట్టు తప్ప మరో మెట్టు లేదు. సగం నీళ్లు, సగం ఆకాశం, మధ్యలో ఒక గీత. మొదట్లో నా ఫొటోలన్నీ రెండు రంగుల తువ్వాలు ఆరేసినట్టుండేవి. తర్వాత తెలిసింది, ఎక్కడానికి ఎత్తు లేనిచోట ఇంకా కిందికి దిగాలని. తాటిదోనెలో బోర్లా పడుకుని, అంచు మీద ఊక నింపిన సంచి పెట్టి, దానిమీద లెన్సు ఆనిస్తాను. కదిలే దోనెలో మూడుకాళ్ల స్టాండు ఎందుకూ పనికిరాదు. కన్ను నీటిమట్టానికి జానెడు ఎత్తుకు దిగితే చాలు, మొలలోతు కిక్కిస కూడా అడవై నిలబడుతుంది.

చలికాలం పొద్దుటి మంచు ఇంకో పరీక్ష. తెల్లటి మంచులో తెల్లటి కొంగ. కెమెరా మీటరు ఆ తెలుపంతా చూసి కంగారుపడి బొమ్మను బూడిదరంగులోకి తోసేస్తుంది. అది చెప్పినదానికన్నా ఒక స్టాపు వెలుగు ఎక్కువ ఇస్తే గానీ కొంగ కొంగలా ఉండదు. గూడబాతుకైతే ఇంకో చిక్కు. రైతులిద్దరు ఎదురెదురుగా నిలబడి నీళ్లు తోడే గూడను చూసినవాళ్లకు ఆ ముక్కుకింది సంచి గురించి వేరే చెప్పక్కర్లేదు. పిట్ట తల నీళ్లలో ముంచి ఎత్తాక ఆ సంచిలోంచి నీళ్లు జారిపోతాయి. ఆ ధార కావాలంటే షట్టరు కనీసం సెకనులో రెండువేలో వంతు వేగంతో పడాలి. అంతా సిద్ధం చేసుకుని గంటసేపు కాచుకున్నాక, మనం టీ తాగడానికి మూత తీసినప్పుడే అది తల ముంచుతుంది.

ఇలా నేర్చుకున్నవి చెప్పుకుంటే బాగానే ఉంటుంది. నేర్చుకోవడానికి ఆలస్యమైనది వేరే ఉంది.

చాలా ఏళ్లు నేను ఫొటో తీయడమంటే తీసెయ్యడమే అనుకున్నాను. ఆటపాక వెళ్తే గూడబాతులు అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టుకుని ఉంటాయి. నేను ఇనుము కనపడకుండా పిట్టను మాత్రం ఇరికించేవాణ్ని. గుర్రపుడెక్క తీసేశాను, కరెంటు తీగలు తీసేశాను, చెరువుల్లో నురగలు కక్కే ఏరియేటర్లు, మేత బస్తాలు, కాపలా గుడిసెలు అన్నీ తీసేశాను. తీసేసినవాటి జాబితా కొల్లేటి చాంతాడంత ఉంటుంది. మిగిలిన పిట్ట ఏ దేశానిదైనా కావచ్చు.

పిట్ట ఒక్కటే కావాలంటే దగ్గరకు వెళ్లాలి. ఒక ఏడాది ఓ లంక పక్కన తుమ్మచెట్టు నిండా కొంగల గూళ్లున్నాయి. దోనె నడిపే పెద్దాయన గెడ ఆపి అన్నాడు:

“బాబుగారూ, ఇంక ఇటెళ్తే లేస్తాయండి.”

“ఇంకో రెండు బారలే,” అన్నాను.

రెండు బారలు వెళ్లాం. చెట్టు చెట్టంతా లేచింది. గొప్ప ఫొటో అనుకుంటూ నొక్కుతూనే ఉన్నాను. రెక్కలన్నీ ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోయాక ఖాళీ గూటి మీద ఒక కాకి వాలింది. లేచినప్పుడు దాని ముక్కున గుడ్డుంది. పెద్దాయన ఏమీ అనలేదు. గెడ వేసి దోనె వెనక్కి తిప్పాడు. ఆ మౌనం ఖరీదు నా లెన్సు ఖరీదుకన్నా ఎక్కువ.

ఆ తర్వాత చదివాను, కె.కె. నీలకంఠన్ గురించి. ఇందుచూడన్ అనే కలంపేరుతో మలయాళంలో పక్షుల మీద రాసిన మనిషి. 1946లో ఆయన మన కొల్లేటి సీమలో దాదాపు మూడువేల గూడబాతులు గూళ్లు కట్టుకున్న చోటు చూసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. మళ్లీ గూడబాతు ఇక్కడ పిల్లల్ని లేపుతోందంటే, ఆటపాకలో మనిషి పాతిన ఇనుప కొమ్మ మీద. వాటిని వెళ్లగొట్టిందీ, పిలిచి పీట వేసిందీ మనమే. మరి ఆ పీటను నేను ఫొటోలోంచి ఎందుకు కోసేస్తున్నట్టు?

అప్పటినుంచి వెనక్కి జరగడం మొదలుపెట్టాను. పెద్ద లెన్సు సంచిలోనే ఉంచి చిన్నది తగిలిస్తాను. పిట్ట లేవని దూరంలో దోనె ఆగుతుంది. అంత దూరంనుంచి చూస్తే పిట్టతోబాటు ఇనుప స్టాండూ వస్తుంది, అవతల గట్టూ, గట్టు మీద మేత బస్తా మోసుకెళ్లే మనిషీ, తీగ మీద లకుముకి పిట్టా వస్తాయి. గుడ్డుకు భద్రం అనుకుని జరిగిన దూరమే ఫొటోను కొల్లేరు చేసింది. డకోటాలో మా వాడికి స్తంభం అడ్డం రాలేదు, సరే. ఇక్కడ స్తంభాన్ని తప్పించి తీస్తే అది కొల్లేరు కాదు.

మా మేనల్లుడికి అలాంటిదొకటి పంపాను. “ఇందులో ఎవర్ని చూడాలి మావయ్యా?” అని అడిగాడు. నేనింకా జవాబివ్వలేదు.

మొన్న అదే ఫొటో ఫోన్లో పెద్దాయనకు చూపించాను. ఇదివరకు నేను ఏ పిట్టను చూపించినా “బాగుందండి” అని మర్యాదకు అని తిరిగిచ్చేసేవాడు. ఈసారి ఫోన్ దగ్గరకు తీసుకున్నాడు. వేళ్లతో సాగదీసి, గూడబాతుల్ని దాటేసి, మూలనున్న రొయ్యలు పట్టే మావుల దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు.

“ఆరు పెట్టానండి,” అన్నాడు. “ఇందులో ఐదే ఉన్నాయి. అయితే ఆరోది ఆ పొద్దుటికే కొట్టుకుపోయిందన్నమాట.”