వారమంతా ఒకే ముచ్చట

పదో తరగతి ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, ఆ తర్వాత ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఇంగ్లీషు పుస్తకాలే చదివిన పిల్లలు, ఇంటర్వ్యూలో “మీ గురించి చెప్పండి” అనగానే నీళ్ళు నములుతారు. చదివితే అర్థమవుతుంది, పరీక్షలో రాయగలరు, నోరు మాత్రం పెగలదు. ఈ బాధ తెలియని తెలుగు ఇల్లు అరుదు. పేపర్లో వచ్చిన స్పోకెన్ ఇంగ్లీష్ పాఠాలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకున్నవాళ్ళు, రాపిడెక్స్ పుస్తకం కొని తలగడ పక్కన పెట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు ఫోన్లో యాప్ వేసుకున్నవాళ్ళు, అందరిదీ ఒకటే తపన. ఆ తపనంటే నాకు గౌరవం. దానికి ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా, ఒక దారి ఉందని చెప్పడానికే ఈ వారం ఇది రాస్తున్నాను. వారానికి ఒక్క విషయం ఎంచుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక ఓ ఇరవై నిమిషాలు ఇంటిల్లిపాదీ కూర్చుని దాని గురించే ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి. మా ఇంట్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి ఇది.

అసలు చదువుకున్న పిల్లలకి నోరెందుకు పెగలదు? కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళ పిల్లల్ని ఫ్రెంచి మీడియంలో చదివించే ఏర్పాటు ఉంది. మెరిల్ స్వెయిన్ అనే భాషావేత్త ఆ పిల్లల్ని దగ్గరగా పరిశీలించారు. ఏళ్ళ తరబడి ఫ్రెంచిలోనే పాఠాలు విన్నందువల్ల వినడంలో, చదవడంలో వాళ్ళు ఫ్రెంచి పిల్లలకి ఇంచుమించు సాటి వచ్చారు. మాట్లాడబోతే మాత్రం వ్యాకరణం తడబడేది. తరగతిలో వాళ్ళకి వినే పనే తప్ప నాలుగు వాక్యాలు సొంతంగా కూర్చి చెప్పే పని పెద్దగా పడటం లేదని 1985లో ఆవిడ తేల్చారు. విన్నంత మాత్రాన మాట రాదు. మాట్లాడే అవసరం పడ్డప్పుడే మనకేం రాదో మనకి తెలుస్తుంది, అది తెలిసినప్పుడే నేర్చుకుంటాం.

మన సంగతీ ఇంతే. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఆంధ్రలో దాని మీద కోర్టుల దాకా వెళ్ళిన వాదం అందరికీ తెలుసు. మీడియం ఏదైనా ఒక లెక్క మారదు. నలభై ఐదు నిమిషాల పీరియడు, తరగతిలో యాభైమంది పిల్లలు. టీచరు ఒక్క మాటా మాట్లాడకుండా సమయమంతా పిల్లలకే పంచినా తలా ఒక నిమిషం రాదు. ఎంత మంచి టీచరైనా ఈ లెక్కని దాటలేరు. ఇంట్లో నలుగురుంటే ఇరవై నిమిషాల్లో తలా ఐదు నిమిషాలు వస్తాయి. పైగా ఇంట్లో నవ్వేవాళ్ళుండరు.

మరి వారమంతా ఒకే విషయం ఎందుకు? రోజుకో కొత్త విషయమైతే రోజూ కొత్త మాటలు వెతుక్కోవాలి, నిన్నటివి నిన్ననే పోతాయి. ఒకే విషయం మీద ఏడు రోజులుంటే అవే మాటలు ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి తిరుగుతుంటాయి. సోమవారం నాన్న వాడిన మాట బుధవారం కొడుకు వాడతాడు, శనివారానికి అది వాడి సొంతమైపోతుంది.

విషయం ఎంచుకోవడంలో ఒక మెలకువ ఉంది. కూరగాయల వారం అనగానే బెండకాయ, దొండకాయ, బీరకాయ, పొట్లకాయ అంటూ ఇంగ్లీషు పేర్ల జాబితా గోడకి అంటించేస్తారు. అది పనిచేయదు. ఒకే కోవకి చెందిన మాటలన్నీ ఒక్కసారే నేర్చుకుంటే ఒకదానితో ఒకటి కలగాపులగమైపోతాయి. ఒక సంఘటనలో కలిసి వచ్చే మాటలు మాత్రం తేలిగ్గా గుర్తుంటాయి. థామస్ టింకమ్ అనే పరిశోధకుడు 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఈ తేడాయే తేలింది. అందుకని విషయం ఎప్పుడూ ఒక సంఘటనగా ఉండాలి. “కూరగాయలు” అని పెట్టుకోకండి, “రైతుబజార్‌కి వెళ్ళి రావడం” అని పెట్టుకోండి. అందులో సంచీ, చిల్లర, బేరం, పుచ్చు వంకాయ, వాన, ఆటో అన్నీ వాటంతటవే వస్తాయి.

మా ఇంట్లో మొదటి వారం వంటిల్లు. పప్పు వండటం తెలియని తెలుగువాళ్ళు లేరు కాబట్టి, ఏం చెప్పాలి అన్న బెంగ ఉండదు, ఎలా చెప్పాలన్నదే మిగులుతుంది. సోమవారం మాత్రం భోజనాలకి ముందే, కుక్కర్ ముందు నిలబడి జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పడం: కందిపప్పు కడుగుతున్నాను, నీళ్ళు పోస్తున్నాను, మూత పెడుతున్నాను. మంగళవారం ఎలా వండాలో ఇంకొకరికి వరసగా చెప్పడం. బుధవారం నిన్న ఏం వండామో చెప్పడం, అంటే భూతకాలం. గురువారం ప్రశ్నలు: ఉప్పు వేశావా, ఎన్ని విజిల్స్ వచ్చాయి, అడుగంటిందా? శుక్రవారం అభిప్రాయాలు: మామిడికాయ పప్పు గొప్పదా, గోంగూర పప్పు గొప్పదా, ఎందుకు? శనివారం వంటింట్లో జరిగిన ఒక సంగతిని కథలా మొదటి నుంచి చివరిదాకా చెప్పడం. ఆదివారం బయటివాళ్ళతో, హైదరాబాదులో ఉన్న పిన్నితోనో డాలస్‌లో ఉన్న అన్నయ్యతోనో, ఫోన్లో అదే విషయం మాట్లాడటం. ఏడు రోజుల్లో ముఖ్యమైన ఇంగ్లీషు కాలాలు కొన్ని వచ్చేస్తాయి, వ్యాకరణ పుస్తకం తెరవకుండానే.

రెండో వారం ప్రయాణం. దీనికి మన దక్షిణాదిలోనే జరిగిన ఒక గొప్ప ప్రయోగం నాకు ఆదర్శం. ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరులో మొదలుపెట్టి 1984 దాకా నడిపిన ఆ ప్రయోగంలో మామూలు బడి పిల్లలకి వ్యాకరణ సూత్రాలు చెప్పలేదు. రైలు టైంటేబుళ్ళు, మ్యాపులు ముందు పెట్టి, ఆలోచించి తేల్చాల్సిన సమస్యలిచ్చారు. మనసంతా సమస్య మీద ఉన్నప్పుడు భాష దానంతటది లోపలికి వెళుతుందని ఆయన నమ్మకం. మేమూ అదే చేస్తాం. మంగళవారం పొద్దున పది గంటలకి విశాఖలో ఇంటర్వ్యూ ఉంది, విజయవాడ నుంచి ఎలా వెళ్ళాలి? రాత్రి బస్సా, రైలా, ముందు రోజే వెళ్ళి చుట్టాలింట్లో ఉండటమా? మావారు ఎప్పుడూ రైలు పక్షమే. మా అబ్బాయి బస్సు. బస్సు ఆలస్యమైతే ఏం చేస్తావని ఆయన అడగ్గానే వాడు ‘ఇఫ్’తో మొదలుపెట్టి ‘బట్’, ‘అన్‌లెస్’ల దాకా వెళ్ళిపోతాడు. వాటి మీద తరగతిలో ఎన్ని ఖాళీలు పూరించినా రాని పట్టు, నాన్నని ఓడించాలన్న పట్టుదలలో వచ్చింది.

ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళడం, బ్యాంకులో ఖాతా తెరవడం, సంక్రాంతికి ఊరెళ్ళడం, ఆదివారం క్రికెట్ మ్యాచ్, పక్కింటివాళ్ళు ఇల్లు మారడం, చూసొచ్చిన సినిమా. వెతుక్కుంటే ఏడాదికి సరిపడా విషయాలు మన గడపలోనే ఉన్నాయి.

ఒక వారం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మా అత్తయ్యగారిది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనని కళ్ళారా చూసిన మనిషి. “నాన్నమ్మ చెప్పిన కథ” అని ఒక వారం పెట్టుకున్నాం. ఆవిడ తెలుగులో చెబుతారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో తిరిగి చెప్పాలి. ఆవిడ చెప్పుకుంటూ పోయారు: సాయంత్రం నుంచి పెరిగిన గాలి, పెంకులు ఎగిరిపోతుంటే పిల్లల్ని చంకనేసుకుని పక్కవాళ్ళ డాబా ఎక్కడం, తెల్లారి చూస్తే పశువుల కొట్టం ఉన్నచోట ఏమీ లేకపోవడం. వేలమంది ప్రాణాలు పోయిన ఆ రాత్రి గురించి మా అమ్మాయి అంత వివరంగా వినడం అదే మొదటిసారి.

దాన్ని చెప్పించడానికి నాలుగు-మూడు-రెండు అనే పద్ధతి వాడాం. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ రచనల వల్ల బాగా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. ఒకే సంగతిని మొదట ఒకరికి నాలుగు నిమిషాల్లో, తర్వాత ఇంకొకరికి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత వేరొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. వినే మనిషి మారతారు కాబట్టి చెప్పిందే చెబుతున్నామన్న విసుగు ఉండదు. సమయం తగ్గుతుంటే తడబాటూ తగ్గుతుంది, మాట వేగం పెరుగుతుంది. సంగీతం మేష్టార్లు సరళీ స్వరాల్ని మూడు కాలాల్లో పాడించడం లాంటిదే ఇది. స్వరాలు అవే, పాడేకొద్దీ గొంతు వాటిని తనవి చేసుకుంటుంది. మొదటిసారి వాళ్ళ నాన్నకి చెప్పినప్పుడు మా అమ్మాయి “ది వాటర్ ఈజ్ కమింగ్” అని ఆగిపోయింది. తర్వాతి మాట కోసం చూరు వైపు చూసింది. రెండోసారి అన్నకి చెప్పినప్పుడు “ది వాటర్ కేమ్” అంది. మూడోసారి నాన్నమ్మకే చెప్పింది: “ది వాటర్ కేమ్ అప్ టు ది విండోస్, అండ్ దే క్లైంబ్డ్ ది నెక్స్ట్ హౌస్.” మధ్యలో ఎవరూ దిద్దలేదు. మా అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఊళ్ళ పేర్లు, చేతుల కదలిక పట్టి కథ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుంటూ, “కొట్టం సంగతి చెప్పలేదేమే?” అని అడిగారు. నిజంగానే వదిలేసింది. ఆ ప్రశ్నతో ఇంకో రెండు వాక్యాలు పుట్టాయి.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళ వల్ల ఈ పని కుదరదనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. చెప్పడానికి విషయం ఉన్నది వాళ్ళ దగ్గరే. నాట్లు, కోతలు, పెళ్ళిళ్ళు, కరువులు, వలసలు వాళ్ళు చెప్పాలి, పిల్లలు ఇంగ్లీషు చేయాలి. అమ్మానాన్నలకి ఇంగ్లీషు అంతంతమాత్రమైనా పిల్లల్ని ప్రశ్నలడిగి వినగలిగితే చాలు.

తప్పులు దిద్దే విషయంలో మాత్రం చాలా సున్నితంగా ఉండాలి. మాట మధ్యలో ఆపి దిద్దితే పిల్ల చెప్పదలచుకున్నది మరిచిపోతుంది, రేపు కూర్చోవడానికి వెనకాడుతుంది. మేం వారానికి ఒక్క తప్పునే పట్టించుకుంటాం. మనవాళ్ళు ప్రశ్నని “వేర్ యు ఆర్ గోయింగ్?” అని తెలుగు వరసలో వేస్తారు. “డిడ్ యు వెంట్?” అని భూతకాలాన్ని రెండుసార్లు పెడతారు. ప్రశ్నల వరసని పట్టించుకునే వారమైతే ఆ ఒక్క తప్పునే చూస్తాం, అదీ జవాబులో కలిపి. “వేర్ యు ఆర్ గోయింగ్?” అని అడిగితే “వేర్ యామ్ ఐ గోయింగ్? టు ది మార్కెట్” అని బదులివ్వడం. ఇరవై నిమిషాలు అయ్యాక దాన్ని ఒక్కసారి విడిగా చెప్పి వదిలేస్తాం. మిగతా తప్పులకి వాటి వారం వాటికి వస్తుంది.

ఇంకొక్క మాట. ఇంట్లో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడమని కొన్ని బడులు తల్లిదండ్రులకి సలహా ఇస్తున్నాయి. ఇది సరికాదని నా గట్టి నమ్మకం. ఇరవై నిమిషాలు ఇంగ్లీషు, మిగతా పొద్దంతా తెలుగు. మా అత్తయ్యగారు ఆ కథని తెలుగులో అంత బాగా చెప్పబట్టే మా అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పడానికి ఏదో ఒకటి దొరికింది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో సవర భాష నేర్చుకోవాలనుకుని, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని మాట్లాడుతూ నేర్చుకున్నారు. ఆ కృషి ఆయన్ని 1931లో వచ్చిన సవర వ్యాకరణం దాకా నడిపించింది. ఆయనే సవర పిల్లలకి చదువు సవరలోనే చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. పరాయి భాషని నోటితో నేర్చుకోవడం, పిల్లల సొంత భాషని కాపాడటం, ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే పట్టుదలతో చేశారు. మనకి అంతకన్నా మంచి ఆదర్శం అక్కర్లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకి తెలుగు నిలబెట్టాలనుకునే తల్లిదండ్రులు కూడా ఇదే పద్ధతిని తిప్పి వాడుకోవచ్చు: అక్కడ వారపు ముచ్చట తెలుగులో, మిగతాదంతా ఎలాగూ ఇంగ్లీషే.

వచ్చే సోమవారం పప్పు పొయ్యి మీద పెట్టగానే మొదలుపెట్టండి. టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టి, ఇరవై నిమిషాలు కాగానే ఆపేయండి, మధ్యలో ఎంత హుషారుగా ఉన్నా సరే. ఆ హుషారే రేపటికి పెట్టుబడి. మొదటి వారం మాటలు తడబడతాయి, రెండో వారం కూడా తడబడతాయి. మానకండి. తన ఇంట్లో, తన వాళ్ళ ముందు, తనకి తెలిసిన సంగతి తన మాటల్లో చెప్పడం అలవాటైన పిల్లకి, రేపు ఎవరెదురుగా కూర్చున్నా చెప్పుకోవడానికి ఒక సంగతి, చెప్పగలనన్న ధైర్యం రెండూ ఉంటాయి.