సైబర్ స్పేస్ – పదవిచారము

కంప్యూటరు కల్పించు ప్రదేశమను నర్థమున ‘సైబర్ స్పేస్’ అను మాటను విలియం గిబ్సన్ 1982లో ‘బర్నింగ్ క్రోమ్’ అను కథలో వాడెను. 1984 నాటి ‘న్యూరోమాన్సర్’ నవలచే అది వ్యాప్తి చెందినది. దీనిని తెలుగున ‘మిథ్యాలోకము’, ‘మాయాప్రపంచము’ అనువారు కలరు. ఇవి వినుట కింపైనను పదమూలమును విడిచినవని మా యభిప్రాయము.

‘సైబర్’ అనునది 1948లో నార్బర్ట్ వీనర్ పేరిడిన ‘సైబర్నెటిక్స్’ నుండి వచ్చినది. దానికి మూలమైన గ్రీకు ‘కుబెర్నేటేస్’ అనగా ఓడను నడుపువాడు. లాటిను ద్వారా ఇంగ్లీషున ‘గవర్నర్’ అయినదియు నీ పదమే. ఆవిరియంత్రపు వేగమును అదుపుచేయు ‘గవర్నర్’ను గూర్చి మాక్స్‌వెల్ 1868లో వ్రాసిన వ్యాసమును స్మరించియే వీనర్ ఈ పేరు నెన్నుకొనెను. పడవ దారి తప్పిన కొలదిని గమనించి చుక్కాని త్రిప్పుట యెట్టిదో, ఫలితమును చూచి క్రియను సరిదిద్దుకొనుట యట్టిది. ఆ శాస్త్రమునకు ప్రాణ మిదియే. ఇందు మిథ్యకు చోటెక్కడ? గిబ్సన్ మాత్రము శాస్త్రార్థమును పట్టించుకొనలేదు. పదపు మోతకు మురిసి గ్రహించెను. అది స్ఫూర్తి నిచ్చునదే కాని అర్థములేనిదని పిమ్మట తానే యొప్పుకొనెను.

1965లో వంతెన ఏర్పడువరకు భద్రాచలయాత్రికులకు పడవయే గతి. గోదావరిపై లాంచీ నడుపువాడు సరంగు. వాని చేతిది చుక్కాని. సరంగు పారసీక ‘సర్హంగ్’. చుక్కాని అరబ్బీ ‘సుక్కాన్’. సంస్కృత ‘కర్ణధారుడు’ కావ్యములందు నిలిచెనే కాని రేవునకు దిగలేదు. కావున ‘సైబర్’ను అన్యదేశ్యమని త్రోసిపుచ్చ నక్కరలేదు.

అర్థమును బట్టి చూచినను ‘మిథ్య’ పొసగదు. దుమ్ముగూడెము మండలములోని పర్ణశాలయందు మాయలేడి కథను స్థానికు లీనాటికిని చెప్పుదురు. లేడి మాయ; సీతాపహరణము మాయ కాదు. (అధ్యాత్మ రామాయణము మాయాసీతను చెప్పుటచే ఈ దృష్టాంతమును మితముగానే గ్రహింపవలెను.) తెరపై కనబడు రూపము కల్పితము కావచ్చును. అచట మోసపోయినవాని సొమ్ము కల్పితము కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము అచటి నేరమునకు శిక్ష విధించుచున్నది. నష్టపోయినవానితో నీవు పోగొట్టుకొన్నది మిథ్యాలోకమున అనుట భాషాదోషము మాత్రమే కాదు.

‘స్పేస్’ను ‘ఆకాశ’మనిన శూన్యము స్ఫురించును. ‘సైబర్ సీమ’ మేలని తోచుచున్నది. సీమ యనిన మనుష్యులు, ఎల్లలు, పాలన స్ఫురించును. మిశ్రసమాసమని ఆక్షేపింతురేమో! రైలుబండి యెక్కి కళాశాలకు వచ్చువారి కా యాక్షేపణ తగదు.