పనిలో ఉన్న చేతుల ఫొటోలు

మాసబ్ ట్యాంక్‌లోని దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్కాలర్‌షిప్ పనిమీదో, ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికో వస్తారు. అక్కడే నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం ఉంది. చెంచులు, గోండులు, కోయలు, కోలాములు వాడుకున్న వస్తువులు అందులో చూడొచ్చు. అయితే ఒక బుట్టనో విల్లునో అద్దాల బీరువాలో చూస్తే దాని రూపమే తెలుస్తుంది. దాన్ని ఎవరు పట్టుకునేవారు, పట్టుకున్నప్పుడు పక్కన ఎవరుండేవారు, చంటిబిడ్డ ఎక్కడుండేది అన్నవి తెలియాలంటే ఫొటో కావాలి. మన అదృష్టం కొద్దీ తెలంగాణ అడవుల్లోని పనీపాటా 1940లలోనే ఫిల్ముకెక్కింది. ఎక్కించినవాడు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో వియన్నాలో పుట్టారు. 1939లో భారతదేశానికి వచ్చిన కొద్ది రోజులకే యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లకూడదన్నారు. ఆ కట్టడే మనకు కలిసొచ్చింది. 1940లో ఆమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్యకు, ఆ తర్వాత గోదావరి లోయలోని కొండరెడ్ల దగ్గరకు, అక్కడినుంచి ఆదిలాబాద్ గోండుల దగ్గరకు వెళ్లారు. జోడేఘాట్‌లో గోండుల నాయకుడు కొమురం భీం నేలకొరిగింది కూడా 1940లోనే. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. మూడింటిలోనూ ఫొటోలున్నాయి.

ఈ ఫొటోల విలువ తెలియాలంటే అంతకు ముందు పద్ధతి ఎలా ఉండేదో చూడాలి. 1868 నుంచి 1875 వరకు ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేశారు. కులాన్నిబట్టి, తెగనుబట్టి మనుషుల్ని నిలబెట్టి ఫొటో తీసి, పాలకులకు పనికొచ్చేలా వివరం రాశారు. అదే కాలంలో లండన్‌లో జాన్ లాంప్రే అనే ఆయన గళ్లు కట్టిన దారాల తెర ముందు మనుషుల్ని నిలబెట్టి శరీరం కొలతలు తీసే పద్ధతి పెట్టాడు. ఆ ఫొటోల్లో మనిషి ఉంటాడు గానీ అతనికి చేతిలో పని ఉండదు, పక్కన తోడుండదు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ దారి వేరు. ఆదివాసీల గురించి 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు తెచ్చాడు. చూడటానికి ఎంత అందమైన ఫొటోలో! కానీ పీగన్ తెగవాళ్ల డేరాలో 1910లో తీసిన ఒక ఫొటోలో, కూర్చున్న ఇద్దరి మధ్య గడియారం ఒకటి ఉంటే, అచ్చులోకి వచ్చేసరికి దాన్ని చెరిపేశాడు. ఆదివాసీ అంటే పాతకాలం మనిషి, అతని ఇంట్లో గడియారం ఉండకూడదని ఆయన అభిప్రాయం. ఆ ఇంటివాళ్లు కాలాన్ని ఎలా చూసుకునేవారో చెప్పే సాక్ష్యం అలా పోయింది.

హైమన్‌డార్ఫ్ పద్ధతిలో కెమెరా కన్నా ముందు వచ్చేది మకాం. ఊళ్లో ఉండటం, భాష నేర్చుకోవడం, ఏ రోజుది ఆ రోజు రాసుకోవడం. ఊరికి కొత్తవాడు వస్తే జనం పని ఆపి చూస్తారు. రోజూ కనిపించేవాణ్ని చూసి ఎవరూ పని ఆపరు. నిత్యజీవితం ఫొటోకి దొరకడంలో ఉన్న కిటుకంతా ఇదే. పైగా అప్పటి ఫిల్ముకు వెలుతురు బాగా కావాలి. అందుకే ఇలాంటి పాత ఫొటోల్లో ముంగిలి, చేను, కళ్లం ఎక్కువ. గుడిసె లోపలి చీకటి, రాత్రి నెగడు దగ్గర కథలు తక్కువ. ఫొటోలో లేదు కాబట్టి జీవితంలో లేదనుకోవడం తప్పు. ఆ లోటు తీర్చేవి ఆయన రాతలే. అందుకే ఆ పుస్తకాల నుంచి బొమ్మలు మాత్రం విడదీసి గోడకు తగిలిస్తే సగం సంగతి పోతుందని నా గట్టి నమ్మకం.

చెంచు పెంట, అంటే చెంచుల గూడెం, ఒకటి దగ్గరగా చూద్దాం. గుండ్రటి గుడిసె, వెదురు తడికల గోడ, పైన గడ్డి కప్పు. సామానంటే రెండు బుట్టలు, కుండలు, విల్లంబులు, కొనకు ఇనుము తొడిగిన తవ్వుడు కర్ర. పెంట మారాల్సి వస్తే నెత్తినా భుజానా మోసుకుపోగలిగినంతే. ఆ కర్ర ఆడవాళ్ల చేతిలోనూ ఉంటుంది, మగవాళ్ల చేతిలోనూ ఉంటుంది. ఎవరి గడ్డలు వాళ్లు తవ్వుకుంటారు. వేట పడితే మాత్రం మాంసం పెంటలో అందరికీ పంచాల్సిందే. చెంచు స్త్రీకి పెళ్లిలో, విడిపోవడంలో ఉన్న స్వేచ్ఛ గురించి హైమన్‌డార్ఫ్ ప్రత్యేకంగా రాశారు. తన తిండి తాను తవ్వుకోగల మనిషికి ఆ స్వేచ్ఛ ఎక్కడినుంచి వస్తుందో ఆ తవ్వుడు కర్ర చూస్తే అర్థమవుతుంది. దాచుకోవడానికి చోటులేని ఇల్లు, ఆడా మగా ఇద్దరి చేతిలోనూ ఒకే పనిముట్టు. వాళ్లు దేనికి విలువ ఇచ్చేవారో నాకు ఇక్కడ కనిపించినంత స్పష్టంగా ఏ జాతర ఫొటోలోనూ కనిపించలేదు.

గోండులంటే మన పత్రికలకు గుస్సాడీయే గుర్తొస్తుంది. నెమలి పింఛాల కిరీటం, దండారి ఆట, రంగులు. ఆ ఆట గొప్పదే. మార్లవాయికి చెందిన కనక రాజు ఆ ఆటతోనే 2021లో పద్మశ్రీ అందుకున్నారు. కానీ ఆ ఆట ఆడే దీపావళి రోజులు దాటితే గోండు రైతు చేతిలో ఉన్నది నాగలి. ఎడ్లు, జొన్న చేను, కళ్లం కూడా వాళ్ల బతుకే. పండిన కొత్త పంట దేవుడికి పెట్టనిదే నోట పెట్టుకోరు. కొండరెడ్లు కూడా మామిడి కొత్తల పండుగ చేశాకే పండు తింటారు. ఆకలి మీద ఇంత అదుపు పెట్టుకున్నవాళ్లను దశాబ్దాల పాటు ‘అనాగరికులు’ అన్నాం.

ఈ ఫొటోల్లో లోపం లేదని అనను. హైమన్‌డార్ఫ్ ఆ తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారు అయ్యారు. అధికారి దగ్గరివాడు కెమెరా ఎత్తితే ‘వద్దు’ అనడం అడవిలో ఉన్నవాళ్లకు ఎంత తేలికో ఊహించుకోవచ్చు. ఆ కాలపు పుస్తకాల అలవాటు ప్రకారం చాలా బొమ్మల కింద తెగ పేరు, ఊరు పేరు ఉంటాయి. మనిషి పేరు ఉండదు. ఇది చిన్న విషయమేమీ కాదు. అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1936లో, డొరోతియా లాంజ్ కాలిఫోర్నియాలో బఠాణీ కోతకొచ్చిన కూలీల మకాంలో ఒక తల్లి ఫొటో తీసింది. కష్టానికి లొంగని అమెరికా తల్లి అంటూ దేశం ఆ ముఖాన్ని నెత్తిన పెట్టుకుంది. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరోకీ ఆదివాసీ మూలాలున్న మనిషని లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. ఆ ఫొటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె బాధపడింది.

మన ఫొటోల్లోని మనుషుల పేర్లు కనుక్కోవడానికి మనకింకా కొంచెం సమయం ఉంది. హైమన్‌డార్ఫ్ ఫొటోలు, రాతలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గోండులు అక్కడ చేరి ఆ దంపతుల్ని తలుచుకుంటారు. మాసబ్ ట్యాంక్‌లోనే ఉన్న లలితకళల కళాశాలలో ఫొటోగ్రఫీ చదువుతున్న పిల్లలు ఆ రోజుకి పెద్ద సైజు ప్రింట్లు పట్టుకెళ్లి, చెట్టుకింద పరిచి, ‘ఈమె ఎవరు తాతా, ఈ ఎడ్లు ఎవరివి’ అని అడిగితే బాగుంటుంది. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. అందుకే ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకుండా, దొరికిన ప్రతి పేరునూ గోండీలో, తెలుగులో రాసి మ్యూజియానికి ఒక ప్రతి, ఊరి బడికి ఒక ప్రతి ఇవ్వాలి.